సీసాలో ఆర్కిడ్ విత్తనం: పంచదారతోనా, ఫంగస్‌తోనా?

(మొక్కల పెంపకందారులు, బోటనీ విద్యార్థుల సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. చివర్లో వచ్చిన ప్రశ్నలతో సహా.)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో మిద్దెతోటల వాళ్లున్నారు, బోటనీ చదువుతున్న పిల్లలున్నారు, వెనక వరసలో నర్సరీ వాళ్లు కూడా కనిపిస్తున్నారు. అందుకని క్లాసు చెప్పినట్టు కాకుండా మామూలుగా మాట్లాడతాను.

ముందు వరస నుంచి ఒక కాగితం పొట్లం పంపిస్తున్నాను. తలా ఒకసారి చూసి పక్కవాళ్లకివ్వండి. విప్పేటప్పుడు మాత్రం దాని మీద ఊపిరి వదలకండి, సగం ఎగిరిపోతుంది. లోపల లేత పసుపు రంగు పొడి కనిపిస్తుంది. అది వాండా టెస్సెలేటా విత్తనం. మన తూర్పు కనుమల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే ఆర్కిడ్. పల్లెల్లో చాలామంది దీన్నీ బదనికే అనుకుని, చెట్టు రసం పీల్చేస్తుందని పీకి పారేస్తారు. పాపం, అది కొమ్మను వేర్లతో పట్టుకుని కూర్చుంటుందే గానీ చెట్టు నుంచి ఏమీ తీసుకోదు. ఒకప్పుడు సామర్లకోటలో తోట నడిపిన విలియం రాక్స్‌బరో 1795లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు.

పొట్లంలో ఉన్న ఒక్కొక్క రేణువూ ఒక విత్తనమే. ఆర్కిడ్ విత్తనాల్లో బాగా తేలికైనవి గ్రాములో పది లక్షలో వంతు బరువు కూడా తూగవు. ఒక్క కాయలో ఎన్ని ఉంటాయో డార్విన్ ఓపిగ్గా లెక్కపెట్టాడు. ఇంగ్లండ్‌లో మామూలుగా దొరికే ఒక నేల ఆర్కిడ్‌కి, మొక్క మొత్తం మీద 1,86,300 గింజలు తేలాయి. బ్రెజిల్ నుంచి ఫ్రిట్జ్ ముల్లర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఆయనకు పంపిన లెక్క ఇంకా ఎక్కువ. మాక్సిలేరియా అనే ఆర్కిడ్ కాయ ఒక్కదాంట్లోనే 17,56,440. అన్నీ మొలిస్తే మునిమనవల కాలానికి భూమ్మీద నేలంతా ఆ మొక్కే కప్పేస్తుందని డార్విన్ అంచనా వేశాడు. మరి కప్పెయ్యలేదు కదా. ఎందుకని?

వేరుశనగ గింజ ఒలిస్తే రెండు బద్దలు వస్తాయి. మొలకకి మొదటి రోజుల్లో తిండి ఆ బద్దలే. వడ్లకైతే బియ్యమే ఆ తిండి. ఆర్కిడ్ గింజలో ఈ రెండూ లేవు. గాలి నిండిన పలచటి సంచి, దాని మధ్యలో వందో రెండొందలో కణాలున్న చిన్న ముద్ద, అంతే. అదే పిండం. ఆకు మొన, వేరు మొన కూడా ఏర్పడి ఉండవు. ఆ కణాల్లో కాస్త నూనె, కాస్త ప్రోటీన్ ఉంటాయి గానీ, బయటి నుంచి చక్కెర అందితే తప్ప వాటిని సరిగ్గా వాడుకోలేదు. ఆ చక్కెర ఎవరిస్తారన్నదే ఈరోజు మన విషయం.

19వ శతాబ్దంలో యూరప్ గాజు ఇళ్లలో ఆర్కిడ్ పెంచేవాళ్లకి ఇదేమీ తెలియదు. ఇంగ్లండ్‌లో వీచ్ వారి నర్సరీలో జాన్ డామినీ కాలాంథీ అనే ఆర్కిడ్లు రెండింటిని కలిపి పుట్టించిన మొక్క 1856లో పూసింది. మనిషి చేత్తో తయారైన మొదటి ఆర్కిడ్ హైబ్రిడ్ అదే. కాయలైతే బోలెడు వచ్చేవి, మొలకలే వచ్చేవి కావు. చాలామంది చేసిందేమిటంటే, తల్లిమొక్క కుండీలోనే వేర్ల చుట్టూ గింజలు చల్లేవారు. ఒక్కోసారి నాలుగు మొలిచేవి. ఒక్కోసారి అసలేమీ లేదు. కుండీలో ఏదో ఉందని తెలుసు, ఏముందో తెలియదు.

1899 మే నెలలో ఆ ముడి విడింది. నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచి కుర్రాడు, 25 ఏళ్లవాడు, మెలన్ ఊళ్లో సైనిక సర్వీసు చేస్తున్నాడు. పక్కనే ఫాంటెన్‌బ్లో అడవి. అక్కడ పక్షిగూడు ఆర్కిడ్ అనేదొకటి పెరుగుతుంది. ఆకుపచ్చ రంగే ఉండదు, ఎండు గడ్డి రంగులో ఉంటుంది. దాని కాయల కాడ ఒకటి రాలిన ఆకుల కింద కప్పబడిపోయి ఉంది. తీసి చూస్తే, కాయల్లోనే గింజలు మొలకెత్తి ఉన్నాయి, ఒకటీ అరా కాదు, గుంపులుగా. మైక్రోస్కోప్ కింద పెడితే ప్రతి మొలకలోనూ ఫంగస్ దారాలు! బెర్నార్ అక్కడే పట్టేశాడు. ఫంగస్ లోపలికి వచ్చింది కాబట్టే గింజ మొలిచింది అన్నాడు. 1903 నాటికి ఆర్కిడ్ వేర్ల నుంచి ఫంగస్‌ను విడిగా తీసి, శుభ్రమైన గొట్టాల్లో గింజలతో కలిపి మొలిపించి చూపించాడు. ఆయన చెప్పినవన్నీ నిలబడలేదు లెండి, బంగాళాదుంప దుంప వేయడం కూడా ఫంగస్ వల్లేనన్నాడు. కానీ ఆర్కిడ్ విషయంలో చెప్పింది నూటికి నూరుపాళ్లు నిలిచింది. 1911లో క్షయతో పోయాడు, 36 ఏళ్లకే.

బెర్నార్ గమనించిన ఇంకో సంగతిని జనం తక్కువగా చెబుతారు. సాలెప్ అని ఆర్కిడ్ దుంపల పిండి ఉంటుంది. దాన్ని చిక్కగా వేసిన ద్రావణంలో కొన్ని గింజలు ఫంగస్ లేకుండానే మొలకెత్తడం మొదలెట్టాయి. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో లూయిస్ నుడ్సన్ ఈ కొస పట్టుకున్నాడు. ఫంగస్ చేస్తున్న పని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి ఇవ్వడమే అయితే, ఆ చక్కెరేదో మనమే ఇచ్చేస్తే పోలేదా అన్నది ఆయన ప్రశ్న. కాట్లియా, లేలియా అనే ఆర్కిడ్ల గింజల మీద చేసి 1922లో ప్రచురించాడు. మొలిచాయి, బ్రహ్మాండంగా మొలిచాయి.

అందరూ ఒప్పుకోలేదు. ఫంగస్ లేని మొక్క మొలుస్తుందేమో గానీ పెద్దదై పూస్తుందా అని పెదవి విరిచారు. నుడ్సన్ ఫంగస్ సోకనివ్వకుండా పెంచిన మొక్కని పూయించి 1930లో ఆ సంగతీ ప్రచురించాడు. ఇంక నర్సరీల వాళ్లకి ఎదురు లేకుండా పోయింది.

ఆయన 1946లో ఇచ్చిన వంటకాన్ని నుడ్సన్ సి అంటాం. రాసుకునేవాళ్లు రాసుకోండి. లీటరు నీటికి కాల్షియం నైట్రేట్ ఒక గ్రాము, అమోనియం సల్ఫేట్ అర గ్రాము, మెగ్నీషియం సల్ఫేట్ పావు గ్రాము, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ పావు గ్రాము, చాలా కొంచెం ఇనుము, మాంగనీస్. ఎరువుల కొట్టుకి వెళ్లేవాళ్లకి ఈ పేర్లన్నీ తెలిసినవే. వీటికి 20 గ్రాముల పంచదార. గట్టిపడడానికి అగర్, అంటే సముద్రపు నాచు నుంచి తీసే పొడి. ఈ మిశ్రమాన్నే మీడియం అంటాం. పీహెచ్, అంటే పులుపు కొలత, ఐదు, ఐదుంపావు దగ్గర ఉంచాలి. సూపర్ మార్కెట్లో ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ కుండీ కొంటున్నారు చూడండి, అది క్లోనింగ్ మొక్క అయినా సరే, దాని వెనక ఉన్న హైబ్రిడ్లన్నీ ఇలాంటి సీసాల్లో మొలిచినవే.

ఇక చేసే విధానం. నా దృష్టిలో పచ్చికాయతో చేయడం మేలు. కాయ పూర్తిగా ఎదిగి, పగలకముందు కోయాలి. ఏ మొక్కకి ఎన్ని నెలలన్నది జాతిని బట్టి మారుతుంది. పగలని కాయ లోపల సూక్ష్మజీవి ఉండదు, కాబట్టి కాయ పైభాగాన్ని శుభ్రం చేస్తే చాలు. సబ్బుతో కడిగి, స్పిరిట్‌లో ముంచి, మంట మీద ఒక్కసారి ఆడిస్తాం. నీలి మంట భగ్గుమని ఆరిపోతుంది. అలా రెండు మూడు సార్లు. తర్వాత ల్యామినార్ ఫ్లో, అంటే వడకట్టిన శుభ్రమైన గాలి వీచే బల్ల, ముందు కూర్చుని బ్లేడుతో నిలువునా చీలిస్తే, లోపల గింజలు తడి దూదిలా అతుక్కుని ఉంటాయి. స్పాచులాతో కొద్దిగా తీసి మీడియం మీద పలచగా పరుస్తాం. కొత్తవాళ్లు చేసేదేమిటంటే, ఇంత ఉంది కదా అని కుప్పగా వేసేస్తారు. అప్పుడు ఒకదాన్నొకటి ఎదగనివ్వవు.

కాయ పగిలి గింజ ఎండిపోతే పని పెరుగుతుంది. గింజలనే శుభ్రం చేయాలి. బట్టలకు వాడే బ్లీచ్‌ని పలచన చేసి, రెండు చుక్కల డిటర్జెంట్ వేసి, అందులో కొన్ని నిమిషాలు కుదిపి, శుభ్రమైన నీళ్లతో కడుగుతాం. డిటర్జెంట్ ఎందుకంటే ఈ గింజకి నీళ్లంటవు, పైన తేలిపోతుంది. బ్లీచ్ ఇక్కడ రెండు పనులు చేస్తుంది. సూక్ష్మజీవుల్ని చంపుతుంది, గింజ పైపొరని మెత్తబరుస్తుంది. గట్టి పొర ఉన్న నేల ఆర్కిడ్లకి ఈ రెండో పనే ముఖ్యం. ఎక్కువసేపు ఉంచితే పిండమే చచ్చిపోతుంది.

మొదట గింజ ఉబ్బి పైపొర చిట్లుతుంది. తర్వాత ఆకుపచ్చ పూస ఒకటి తయారవుతుంది. దాన్ని ప్రోటోకార్మ్ అంటాం. వేరు కాదు, కాండం కాదు, ఆర్కిడ్ మొలకలో కనిపించే మధ్య దశ. చుట్టూ తెల్లని నూగు వస్తుంది. పైన ఒక మొన లేచి మొదటి ఆకు విప్పుకుంటుంది, ఆ తర్వాతే వేరు. కొత్త మీడియంలోకి మార్చేటప్పుడు కొబ్బరినీళ్లు, అరటిపండు గుజ్జు, బొగ్గుపొడి కలుపుతారు. ఈ విషయంలో ప్రతి ల్యాబ్‌కీ ఒక సొంత వంటకం ఉంటుంది, ఎవరినడిగినా తమదే గొప్పదంటారు. (నవ్వులు) సీసా నుంచి కుండీకి రావడానికి చాలా జాతులకి ఏడాది అటూ ఇటూ పడుతుంది.

ఇప్పుడు రెండో పద్ధతి, ఫంగస్‌తో మొలిపించేది. నన్నడిగితే అసలు సరదా ఇందులోనే ఉంది.

ముందు ఫంగస్ కావాలి. అడవిలో బతికి ఉన్న ఆర్కిడ్ వేరు కొస ఒకటి, బెరడుకి అంటుకుని ఉన్న వైపుది, చిన్న ముక్క చాలు. నేల ఆర్కిడ్ అయితే మట్టిలో ఉన్న వేరో, కాండం అడుగో. కడిగి, పలచగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే, కొన్ని కణాల్లో దారపుండ లాంటిది కనిపిస్తుంది. పెలటాన్ అంటాం. ఫంగస్ దారం కణంలోకి దూరి చుట్టలు చుట్టుకుని కూర్చుంది. సన్నని సూదితో ఆ కణాన్ని చిదిపి, ఉండను బయటికి లాగి, శుభ్రమైన నీటి చుక్కల్లో ఒకదాని తర్వాత ఒకటిగా కడిగి, యాంటీబయాటిక్ కలిపిన అగర్ మీద పెడతాం. ఉండ బతికి ఉంటే రెండు మూడు రోజుల్లో అంచు నుంచి దారాలు బయటికి పాకుతాయి. దారం కొమ్మ వేసే చోట దాదాపు లంబకోణంలో తిరిగి, మొదట్లో కొంచెం నొక్కినట్టు సన్నబడితే, మనకి కావాల్సిన గుంపుదే అని ఆశ పడొచ్చు. పాతవాళ్లు వీటన్నిటినీ రైజోక్టోనియా అనేవారు. ఇప్పుడు డీఎన్‌ఏ చూసి టులస్‌నెల్లా, సెరటోబసీడియం, సెరెండిపిటా అని విడదీస్తున్నారు. రైజోక్టోనియా పేరు వరి రైతుకి పాము పొడ తెగులుగా బాగా తెలుసు. అదే కుటుంబపు చుట్టాలు ఆర్కిడ్‌కి ప్రాణం పోస్తాయి. ఫంగస్ పేరు వినగానే మందు కొట్టే అలవాటున్నవాళ్లు ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి.

ఈ పద్ధతిలో మీడియం ఏమిటో తెలుసా? ఓట్స్. పొద్దున మీరు తినే ఓట్సే. మిక్సీలో మెత్తగా పొడి చేసి లీటరుకు మూడు గ్రాములు, కాస్త అగర్. పంచదార వెయ్యం. పెట్రీ డిష్‌లో, అంటే మూత ఉన్న గుండ్రటి చిన్న పళ్లెంలో, పైన ఫిల్టర్ పేపర్ ముక్కలు, వాటి మీద గింజలు, మధ్యలో ఫంగస్ పెరిగిన చిన్న అగర్ ముక్క. ఫంగస్ ఓట్స్‌లోని పిండిపదార్థాన్ని కొంచెం కొంచెంగా అరిగించుకుంటూ పాకి, గింజలోకి దూరుతుంది. ఇదే డిష్‌లో నుడ్సన్ లెక్కన 20 గ్రాముల పంచదార వేశారనుకోండి, ఫంగస్‌కి సులువైన తిండి దొరికి విజృంభిస్తుంది, గింజల్ని కుళ్లబెట్టేస్తుంది. మొదటి పద్ధతిలో బతికించే పంచదారే ఇక్కడ చంపుతుంది.

సరైన ఫంగస్ దొరికితే డిష్‌లో తెల్లని బూజు మధ్య గింజలు ఉబ్బుతాయి. కానిది పడితే గింజలు అలాగే ఉండిపోతాయి, లేదా ఫంగస్‌కి ఆహారమైపోతాయి. బెర్నార్ కూడా ఈ మూడు ఫలితాలూ చూశాడు. మొలకని రంగు వేసి కోసి చూస్తే తెలుస్తుంది. అడుగు భాగం కణాల్లోనే ఫంగస్ చుట్టలుంటాయి, ఆకు మొన వైపుకి మొక్క దాన్ని రానివ్వదు. కొన్నాళ్లకి ఆ చుట్టలు నలిగి ముద్దగా మారతాయి. మొక్క వాటిని అరిగించుకుంది. ఖాళీ అయిన కణంలోకి మళ్లీ కొత్త దారం వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని పరస్పర సహకారం అని రాస్తారు. మొలక దశలో మాత్రం ఇందులో పరస్పరం ఏముందో నాకు కనిపించదు, తినేది ఆర్కిడ్, ఇచ్చేది ఫంగస్. పెద్దయ్యాక బాకీ తీరుస్తుందా అన్నది చాలాకాలం తేలలేదు. 2006లో బ్రిటన్ శాస్త్రవేత్తలు గుడియెరా రెపెన్స్ అనే ఆర్కిడ్ మీద చేసి, ఆకుల్లో తయారైన కార్బన్ ఫంగస్‌కి వెనక్కి వెళ్తోందని చూపించారు. అది ఆకులున్న మొక్క కాబట్టి సరిపోయింది. ఆకుల్లేని ఆర్కిడ్ల సంగతి వేరు.

చైనాలో టియన్మా అనే మందు మొక్క ఉంది, గాస్ట్రోడియా ఎలాటా. దీనికి ఆకులుండవు. గింజ మొలవాలంటే మైసీనా అనే ఫంగస్ కావాలి, దుంప ఊరాలంటే ఆర్మిల్లేరియా అనే ఇంకో ఫంగస్ కావాలి. రైతులు రెండు ఫంగస్‌లనూ పుల్లల మీద పెంచి, దుంపలతో కలిపి పాతిపెట్టి పంట తీస్తారు. ఇలాంటి మొక్కకి సీసాలో పంచదార పోసి ఎన్నాళ్లు సాకుతారు? పశ్చిమ ఆస్ట్రేలియాలో 1928లో ఒక రైతు పొలంలో బయటపడ్డ రైజాంథెల్లా గార్డ్‌నరీ ఇంకా విడ్డూరం. పూత కూడా మట్టి కిందే. దానికి ఫంగస్ ఒకటే చాలదు, ఆ ఫంగస్ అంటిపెట్టుకున్న మెలలూకా పొద కూడా కావాలి. ఆస్ట్రేలియా వాళ్లు నేల ఆర్కిడ్లని ఫంగస్‌తో మొలిపించడంలో ఆరితేరారు.

మరి ఏది మంచిది? మొక్క ఎక్కడ బతకాలి అన్నదాన్ని బట్టి. కుండీలో పెట్టి, మీరు ఎరువు వేసి నీళ్లు పోసే మొక్క అయితే పంచదార పద్ధతి చాలు, దాన్ని మించింది లేదు. అడవిలో వదిలేసి రావాలంటే మొక్కకి తర్వాత ఎవరు పెడతారో కూడా చూడాలి. మా రంగంలో నాకు నచ్చనిది ఒకటుంది. "ఇంత శాతం మొలిచింది, ఇన్ని మొక్కలు కుండీలో నిలిచాయి" అని రాసి అక్కడితో ముగించేస్తారు. చెట్టు మీద కట్టాక రెండో వేసవి దాటిందా లేదా అని ఎవరూ రాయరు.

అలాగని పంచదార పద్ధతి అడవికి పనికిరాదనీ కాదు. ఇంగ్లండ్‌లో లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్‌ని జనం పీకేసి పీకేసి, అడవిలో యార్క్‌షైర్‌లో ఒక్క మొక్కే మిగిలే స్థితికి తెచ్చారు. 1983లో లండన్ క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానంలో మొదలైన సెయిన్స్‌బరీ ప్రాజెక్ట్ వాళ్లు పచ్చికాయల గింజల్ని ఫంగస్ లేకుండానే మొలిపించి, మొక్కల్ని మళ్లీ పాత తావుల్లో నాటారు. అక్కడి మట్టిలో సరైన ఫంగస్ ఉంటే మొక్క దాన్ని తర్వాతైనా పట్టుకుంటుంది. లేకపోతే లేదు. ఉందో లేదో ముందే చూసే ఉపాయం 1993లో రాస్‌ముసెన్, విగమ్ అనే ఇద్దరు చెప్పారు. సన్నని వల గుడ్డ మధ్య గింజలు పెట్టి, ఫోటో స్లైడ్ ఫ్రేములో బిగించి, మట్టిలో పాతిపెట్టడం. కొన్ని నెలల తర్వాత తవ్వి తీస్తే, మొలిచిన చోట ఫంగస్ ఉన్నట్టు. రూపాయి ఖర్చు లేని పని. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వెతుక్కుంటున్న పిల్లలు ఇది పట్టుకోండి. అడవిలో చేయడానికి అటవీ శాఖ అనుమతి మాత్రం తీసుకోండి.

ఇక మీ ప్రశ్నలు.

(నర్సరీ యజమాని: మేడమ్, సీసా నుంచి తీశాక సగం మొక్కలు కుళ్లిపోతున్నాయండీ. ఫంగస్ ఉండాలంటున్నారు, మాకేమో ఫంగసే చంపుతోంది.)

అది వేరే ఫంగస్ సార్. వేర్లకి అంటుకున్న మీడియం పూర్తిగా కడుగుతున్నారా? దాంట్లో పంచదార ఉంటుంది కదా, ఏ మాత్రం మిగిలినా గాలిలోని బూజులన్నిటికీ విందే. గోరువెచ్చని నీళ్లలో మెల్లగా, వేరు విరక్కుండా, జిగురు పోయేదాకా కడగండి. మొదటి వారాల్లో తేమ ఎక్కువ, నీడ ఎక్కువ ఉండాలి, గాలి కూడా ఆడాలి. కవర్ కట్టేసి గాలి ఆడనివ్వకపోతే కుళ్లుతాయి.

(ఒక గృహిణి: ల్యాబ్ లేకుండా ఇంట్లో చేసుకోలేమా?)

చేయొచ్చమ్మా. ల్యాబ్‌లో ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే ఆటోక్లేవ్ ఉంటుంది, మీకు ప్రెషర్ కుక్కరే ఆటోక్లేవ్. జామ్ సీసాల్లో మీడియం పోసి, పూర్తి ప్రెషర్ వచ్చాక ఇరవై నిమిషాలు ఉంచండి. ల్యామినార్ ఫ్లో బదులు పెద్ద ప్లాస్టిక్ డబ్బాకి చేతులు దూరేలా రెండు కంతలు చేసి, లోపలంతా స్పిరిట్‌తో తుడవండి. ఫ్యాన్ ఆపేయండి. స్పిరిట్ ఆరేదాకా లోపల మంట మాత్రం పెట్టకండి, అది ప్రమాదం. కాయ కూడా మంట మీద ఆడించకుండా బ్లీచ్‌లో నానబెట్టే చేయండి. సీసాలు కొన్ని బూజు పట్టి పోతాయి, టెన్షన్ పడకండి, మా దగ్గరా పోతాయి.

(విద్యార్థి: మా తోటలో మామిడి చెట్టు మీద వాండా ఉంది మేడమ్. కాయ పగిలిపోయింది. ఇప్పుడు ఏం చేయొచ్చు?)

సగం కాగితం పొట్లంలో కట్టి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచు బాబూ, మొలిపించే వీలు దొరికేదాకా ఉంటుంది. మిగతా సగం, వర్షాలు మొదలయ్యాక, అదే చెట్టు మీద ఆ పెద్ద మొక్క వేర్లు పాకిన చోట, గరుకు బెరడు పగుళ్లలో రుద్దు. పాత గాజు ఇళ్ల వాళ్లు చేసిందే ఇది, ఎందుకో తెలిసి నువ్వు చేస్తున్నావు. మామిడికి తేనెమంచు పురుగుకో బూడిద తెగులుకో మందు కొడతారు కదా, ఆ ఒక్క కొమ్మని వదిలెయ్యమని మీ నాన్నగారికి చెప్పు.